విశ్వవిద్యాలయ ఖర్చుల అదుపునకు సూపర్‌మార్కెట్ సరఫరా పద్ధతులు ఎంతవరకు పనికొస్తాయి?

నెల్లూరు_తాంబరం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. చెన్నై శివార్లలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పదకొండేళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. గత జూన్‌లో కొనుగోళ్లు, స్టోర్స్ బాధ్యత కూడా నాకు అప్పగించారు. వచ్చే విద్యా సంవత్సరంలో ఫీజు పెంచకుండా గడవాలంటే జీతాలు కాని ఖర్చులో ఎక్కడ తగ్గించవచ్చో చూడమని యాజమాన్యం అడిగింది. నాకు ఇది ఉద్యోగం కోసం చేసే పని మాత్రమే కాదు. మా విద్యార్థుల్లో నెల్లూరు, తిరుపతి, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. ఫీజు గడువు ముగిసే వారంలో వారి తల్లిదండ్రులు కౌంటరు దగ్గరకు వచ్చి, పంట డబ్బు చేతికి అందేదాకా ఆగమని అడగడం ప్రతి ఏడూ చూస్తున్నాను.

బాధ్యత తీసుకున్న మొదటి నెలలోనే స్టోర్స్ గదులన్నీ తెరిపించి సరుకు లెక్క వేయించాను. రసాయనశాస్త్ర విభాగం, బయోటెక్నాలజీ, సివిల్ ఇంజినీరింగ్‌లోని పర్యావరణ ప్రయోగశాల ఒకే సోడియం హైడ్రాక్సైడ్‌ను ముగ్గురు డీలర్ల దగ్గర మూడు ధరలకు కొన్నట్లు తేలింది. ఎప్పుడో తీసేసిన ప్రింటర్ల టోనర్లు సీలు విప్పకుండా ఒక బీరువా నిండా ఉన్నాయి. గడువు దాటిన పరీక్షా కిట్లు ఫ్రిజ్‌లో స్థలం ఆక్రమించి ఉన్నాయి. సరిగ్గా అదే నెలలో బయోటెక్నాలజీ విభాగం వారు గ్లౌజుల కోసం ఐదు వారాలుగా ఎదురుచూస్తున్నారు. అక్కర్లేనిది పేరుకుపోవడం, కావలసినది దొరక్కపోవడం ఒకే కప్పు కింద జరుగుతున్నాయి.

మా వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో మా స్టోర్స్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రకాల సరుకు ఉంటుంది. అయినా అక్కడ పాల ప్యాకెట్ లేదన్న మాట వినపడదు, పప్పుకు పురుగు పట్టదు. వారికి తెలిసినదీ మాకు తెలియనిదీ ఏమిటన్నదే నా ప్రశ్న. కొనుగోళ్లన్నీ ఒక చోటికి తెచ్చి, పెద్ద మొత్తానికి రేట్ కాంట్రాక్టు (ముందే ఖాయం చేసుకున్న ధరకు సరఫరా ఒప్పందం) కుదుర్చుకుంటే చాలునని మా ఫైనాన్స్ ఆఫీసర్ గారి అభిప్రాయం. అది చాలదని నాకు అనిపిస్తోంది గాని, ఎందుకు చాలదో ఆయనకు నచ్చజెప్పేలా చెప్పలేకపోతున్నాను. గోదాముల్లో, సరఫరా విభాగాల్లో పనిచేసినవారు, ప్రయోగశాలలు నడిపినవారు దయచేసి మీ అనుభవం చెప్పగలరు.

రెడ్‌హిల్స్_గోదాము

నెల్లూరు_తాంబరం గారికి నమస్కారం. రెడ్‌హిల్స్ దగ్గర, తర్వాత శ్రీపెరంబుదూరు దగ్గర కిరాణా గొలుసు దుకాణాల గోదాముల్లో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. మీకు అనిపించినదే సరైనది. బేరమాడి ధర తగ్గించుకోవచ్చు, కానీ ఆ ఆదా ఒకసారి వచ్చి అక్కడితో ఆగిపోతుంది. పైగా పెద్ద మొత్తం కొంటామన్న మాట ఇచ్చి ధర తగ్గించుకున్నప్పుడు, ఆ మాట నిలబెట్టుకోవడానికి అవసరం లేని సరుకు కూడా తెచ్చి పెట్టుకుంటారు. మీ టోనర్ల బీరువా వంటివి ఆ విధంగానే నిండుతాయి.

దుకాణం బలం బేరంలో లేదు. ఏ వస్తువు ఏ రోజు ఎంత వాడుకలోకి పోయిందో దానికి తెలుసు. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ట్రాయ్ అనే ఊరి సూపర్‌మార్కెట్‌లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను మొట్టమొదటిసారి బార్‌కోడ్‌తో బిల్లు చేశారు. బిల్లింగ్ వేగం పెరగడం అందులో చిన్న ప్రయోజనం. అంతకుముందు దుకాణదారుకు తాను ఎంత కొన్నాడో మాత్రమే కచ్చితంగా తెలిసేది. ఎంత అమ్ముడుపోయిందో ఆరు నెలలకో ఏడాదికో అరలు లెక్కపెడితే తప్ప తెలిసేది కాదు. బార్‌కోడ్ తర్వాత అమ్మకం జరిగిన క్షణంలోనే లెక్క చేతిలో ఉంటుంది. మీ విశ్వవిద్యాలయం ఇప్పటికీ బార్‌కోడ్‌కు ముందు కాలంలో ఉంది. ఎంత కొన్నారో మీ స్టాక్ రిజిస్టర్ చెబుతుంది, ఏ విభాగానికి ఇచ్చారో కూడా చెబుతుంది. విభాగానికి వెళ్లిన సీసాలో ఎంత వాడారు, ఎంత మిగిలింది అన్నది అందులో ఉండదు. స్టోర్స్ గడప దాటిన సరుకును మీ లెక్కలు వాడేసిన సరుకుగానే భావిస్తాయి.

అందువల్ల సరుకు కోరుతూ విభాగాలు మీకు పంపే ఇండెంటులో అవసరం ఒక పాలు, భయం రెండు పాళ్లు ఉంటుంది. దీన్ని మా రంగంలో బుల్‌విప్ అంటారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ పిల్లల డైపర్ల విషయంలో దీన్ని గమనించింది. పసిపిల్లలు వాడేది ప్రతి వారం దాదాపు ఒకేలా ఉంటుంది, దుకాణాల అమ్మకంలో తేడా కొద్దిగానే ఉంటుంది, కానీ హోల్‌సేల్ ఆర్డర్లు ఎగిసిపడేవి, ఫ్యాక్టరీ తన ముడిసరుకు కోసం పెట్టే ఆర్డర్లు ఇంకా ఎగిసిపడేవి. ఒక్కొక్క మెట్టులో ఒక్కొక్కరు తమ జాగ్రత్త కోసం కొంత కలపడమే దీనికి కారణం. మీ దగ్గర జరిగేదీ ఇదే. అటెండరు నాలుగు సీసాలు చాలునని తెలిసినా ఐదు రాస్తాడు, టెక్నీషియన్ ఆరు చేస్తాడు, అడిగినదాంట్లో ఎలాగూ కోత పడుతుందని విభాగాధిపతి గారు ఎనిమిది చేస్తారు, మార్చిలోగా నిధులు ఖర్చు కాకపోతే వచ్చే ఏడు కేటాయింపు తగ్గుతుందని పదికి సంతకం అవుతుంది. వీరిలో ఎవరినీ తప్పుపట్టలేం. గ్లౌజులకు ఐదు వారాలు పట్టే చోట ఎవరైనా ఇలాగే చేస్తారు. సరుకు వచ్చే వ్యవధిని ఐదు వారాల నుంచి ఐదు రోజులకు తగ్గించగలిగితే, మీరు ఒక్క సర్క్యులర్ కూడా పంపకుండానే ఇండెంట్లు దిగివస్తాయి.

వ్యవధి ఎందుకు అంత పెరిగిందో చూడండి. చాలా చోట్ల డీలరు దగ్గర సరుకు ఉంటుంది, డీలరే పంపడు, ఎందుకంటే పాత బిల్లు ఇంకా మీ టేబుల్ మీద ఉంటుంది. సరఫరాదారులకు త్వరగా డబ్బు చెల్లించి, బదులుగా తక్కువ ధర పొందడం డీమార్ట్ ఎదుగుదలకు ఒక ముఖ్య కారణమని మా రంగంలో అందరికీ తెలుసు. చిన్న పరిశ్రమలకు 45 రోజులలోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతున్నా, నాలుగైదు నెలలు ఆపే కొనుగోలుదారులను నేను చాలామందిని చూశాను. అలా ఆపేవారికి డీలరు కొటేషన్‌లోనే వడ్డీ కలిపి రాస్తాడు. అది మీ కంటికి ధరలాగే కనిపిస్తుంది. మీరు అకౌంట్స్ నుంచి వచ్చారు కనుక ఈ ఒక్క విషయం రేపటి నుంచే మీ చేతిలో ఉంది. బేరం కంటే ముందు దీన్ని సరిచేయండి.

ఇంకొక మాట. ఏ దుకాణానికీ లేని అదృష్టం మీకు ఉంది. రేపు ఎంతమంది పెరుగు కొంటారో మేము ఊహించాలి. మీకు టైంటేబుల్ ఉంది. ఫలానా సెమిస్టరులో, ఫలానా వారంలో, ఎంతమంది విద్యార్థులు ఏ ప్రయోగం చేస్తారో జూన్ నెలలోనే కాగితం మీద ఉంటుంది. అంతటి కచ్చితమైన గిరాకీ అంచనా చేతిలో పెట్టుకుని, కిందటేటి ఇండెంటుకు పది శాతం కలిపి కొనడం నాకు బాధ కలిగించే విషయం.

బ్యూరెట్_టీచరు

గోదాము గారు టైంటేబుల్ గురించి చెప్పినది చదివాక ఈ సమాధానం రాయకుండా ఉండలేకపోయాను. చెన్నైలోనే ఒక కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. రెండేళ్ల క్రితం మా మొదటి సంవత్సరం ప్రయోగశాలకు ఈ లెక్క నేనే వేసి చూశాను.

టైట్రేషన్‌లో, అంటే బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి మరో ద్రావణం గాఢతను కనుక్కునే ప్రయోగంలో, ఒక విద్యార్థి ఒకసారి ఉజ్జాయింపుగా, మూడుసార్లు జాగ్రత్తగా కొలుస్తాడు. ఒక్కోసారికి సుమారు 20 మిల్లీలీటర్ల చొప్పున 80, బ్యూరెట్ కడగడానికి మరో 20, మొత్తం 100 మిల్లీలీటర్లు. మా దగ్గర 180 మంది విద్యార్థులు. అంటే ప్రయోగానికి 18 లీటర్ల ద్రావణం కావాలి. 0.1 నార్మాలిటీ గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణానికి లీటరుకు 4 గ్రాములు కావాలి గనుక 72 గ్రాములు సరిపోతుంది. సెమిస్టరులో దాన్ని వాడే ప్రయోగాలు నాలుగు. అన్నీ కలిపితే 288 గ్రాములు. ఒక 500 గ్రాముల సీసా తెరిస్తే, ఒలికినదీ పాడైనదీ పోను ఇంకా మిగులుతుంది. మా ఇండెంటులో ఆరు సీసాలు ఉన్నాయి. ఏళ్ల తరబడి నేనే ఆ ఇండెంటు మీద సంతకం చేశాను. మిగిలిన సీసాలు మరుసటి ఏడుకు పనికొస్తాయా అంటే అదీ లేదు. మూత తీసిన సోడియం హైడ్రాక్సైడ్ చెన్నై గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గడ్డకట్టి, కచ్చితమైన ప్రయోగానికి పనికిరాకుండా పోతుంది.

కానీ నెల్లూరు_తాంబరం గారూ, ఒక హెచ్చరిక కూడా చేయాలి. విలువను బట్టి సరుకును మూడు తరగతులు చేసి, ఖరీదైనవాటి మీదే కన్నేసి ఉంచే ఏబీసీ పద్ధతి దుకాణానికి సరిపోతుంది. ప్రయోగశాలకు అది సగం మాత్రమే సరిపోతుంది. సిల్వర్ నైట్రేట్ ఖరీదైనది, దాన్ని గ్రాముల లెక్కన తాళం వేసి ఇవ్వవలసిందే. అయితే ఫిల్టర్ పేపరు చాలా చవక. అది లేని రోజు నలభై మంది విద్యార్థులు చేతులు కట్టుకుని నిలబడతారు. ఆసుపత్రి స్టోర్స్‌లో ప్రాణాధారం, అవసరం, ఉంటే మేలు అని మందులను వేరుచేసే వీఈడీ పద్ధతి ఉంది. ధరను ఒక వైపు, లేకపోతే జరిగే నష్టాన్ని మరో వైపు పెట్టి రెండింటినీ కలిపి చూడాలి.

పరిశోధన విద్యార్థుల సంగతి పూర్తిగా వేరు. వారి అవసరం టైంటేబుల్‌లో ఉండదు, వారికి కావలసిన రసాయనం మరొకరికి అక్కర్లేదు. కావలసినప్పుడే తెప్పించుకోవడమనే సూత్రాన్ని వారి మీద రుద్దితే, ఒక ఎంజైము కోసం ఒక అమ్మాయి ఫెలోషిప్ కాలంలో రెండు నెలలు వృథా అవుతాయి. ఆ నష్టం మీ ఖాతా పుస్తకంలో ఎక్కడా కనిపించదు గనుక ముందే చెబుతున్నాను. 2008 చివర్లో ప్రపంచమంతటా అసిటోనైట్రైల్ అనే ద్రావకానికి తీవ్రమైన కొరత వచ్చింది. అది ప్లాస్టిక్, సింథటిక్ దారాల పరిశ్రమకు కావలసిన అక్రిలోనైట్రైల్ తయారీలో ఉపఉత్పత్తిగా వస్తుంది. ఆర్థిక మాంద్యంతో ఆ పరిశ్రమ మందగించగానే దీని సరఫరా పడిపోయి ధరలు ఆకాశాన్నంటాయి. మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాల మీద ఆధారపడిన ప్రయోగశాలలు విలవిలలాడాయి. ప్రత్యామ్నాయం లేని ఇటువంటి రెండు మూడు ద్రావకాలకు మాత్రం నిల్వ ఎక్కువగానే ఉంచండి. డైఇథైల్ ఈథర్ అనే ద్రావకం విషయంలో దీనికి సరిగ్గా ఎదురు నియమం పాటించాలి. గాలి తగిలి నిల్వ ఉంటే అందులో పేలుడు స్వభావం గల పెరాక్సైడ్లు ఏర్పడతాయి. పెద్ద డబ్బా చవకగా వస్తుందని కొనడం ఆదా కాదు, ప్రమాదం. గడువు దాటిన రసాయనాన్ని సింకులో పోయలేం; 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం గుమ్మిడిపూండి వంటి చోట ఉన్న అనుమతి గల కేంద్రానికి డబ్బిచ్చి పంపాలి. కొన్నప్పుడు ఒకసారి, వదిలించుకున్నప్పుడు ఒకసారి చెల్లిస్తాం.

బెంగళూరు_ఆడిటరు

చిన్న విషయం, కానీ పైవారు ప్రస్తావించలేదు. సూపర్‌మార్కెట్ తాను కొన్న సరుకుపై కట్టిన జీఎస్టీని అమ్మకాలపై తాను కట్టవలసిన జీఎస్టీలో సర్దుబాటు చేసుకుంటుంది. విద్యాసేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది గనుక విశ్వవిద్యాలయానికి ఆ సర్దుబాటు లేదు. కట్టిన పన్ను అంతా ఖర్చులోనే కలిసిపోతుంది. మీ బీరువాలోని టోనర్లపై 18 శాతం కూడా మీరు తిరిగి రాని విధంగా చెల్లించారు. కనుక అనవసరపు కొనుగోలు దుకాణం కంటే మీకే ఎక్కువ బరువు. మీ ఫైనాన్స్ ఆఫీసర్ గారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

ఇంకొకటి. ఏ విశ్వవిద్యాలయంలోనైనా జీతాలదే పెద్ద పద్దు. సరఫరా పద్ధతులు తాకేది మిగిలిన భాగాన్ని మాత్రమే. స్టోర్స్‌లో మిగిల్చిన డబ్బుతో ఫీజు నిలబడుతుందని యాజమాన్యానికి పెద్ద మాట ఇవ్వకండి. అలా ఇచ్చి, అనుకున్నంత రాకపోతే, రిటైల్ రంగంలో గంటల లెక్కన మాత్రమే డబ్బిచ్చే పద్ధతిని అతిథి అధ్యాపకుల మీద అమలు చేయాలన్న ఆలోచన తర్వాత వస్తుంది. దాన్ని మాత్రం గడప దాటనివ్వకూడదని నా దృఢమైన అభిప్రాయం.

తిరుత్తణి_ఫార్మసిస్టు

తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రుల స్టోర్స్‌లో పనిచేసి పదవీ విరమణ చేశాను. మీరందరూ సూపర్‌మార్కెట్ వైపు చూస్తున్నారు, మంచిదే. అయితే చెన్నైలోనే, ప్రభుత్వ రంగంలోనే ఇది చేసి చూపించిన సంస్థ ఉంది. అది 1994లో ఏర్పడిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్. అంతకుముందు మందుల కొనుగోలు ఎలా ఉండేదో మా తరం వారికి బాగా గుర్తు. ఒక ఆసుపత్రిలో గడువు దాటిన డబ్బాలు, పక్క ఆసుపత్రిలో ఖాళీ అరలు.

కార్పొరేషన్ రాష్ట్రమంతటికీ కలిపి టెండరు పిలిచి ధర నిర్ణయించింది, జిల్లాల్లో గోదాములు పెట్టింది. ఇంతవరకు మీ ఫైనాన్స్ ఆఫీసర్ గారు చెబుతున్నదే. అసలు మార్పు తెచ్చినది పాస్‌బుక్. ప్రతి ఆసుపత్రికి ఏడాదికి ఇంత విలువ మేరకు అని కేటాయించి, బ్యాంకు పాస్‌బుక్ వంటి పుస్తకం ఇచ్చారు. గోదాము నుంచి తీసుకున్న ప్రతి మందు విలువ అందులో తగ్గుతుంది. ఏ మందు ఎంత తీసుకోవాలో ఆసుపత్రే నిర్ణయించుకుంటుంది. డబ్బు తమదే అన్న భావన కలగడంతో, అక్కర్లేనిది తెచ్చుకుని అర నింపుకోవడానికి మా వైద్యాధికారులే వెనుకాడేవారు. వాడుక ఎలా ఉందో కేంద్రానికి కనిపించేది, ఒక గోదాములో ఎక్కువైనది మరో గోదాముకు పంపేవారు. నాణ్యత పరీక్షకు పంపే నమూనాలపై తయారీదారు పేరు తెలియకుండా చేసేవారు. తక్కువ ధర అంటే తక్కువ నాణ్యత అన్న అనుమానానికి అది జవాబు.

మీరు కూడా ఇండెంట్లను కోయడం మానేసి ప్రతి విభాగానికి ఒక పాస్‌బుక్ ఇవ్వండి. ముఖ్యంగా, మార్చి 31 నాటికి మిగిలిన మొత్తంలో కొంత భాగమైనా వచ్చే ఏటికి ఆ విభాగానికే చెందేలా యాజమాన్యాన్ని ఒప్పించండి. పొదుపు చేసిన విభాగం నష్టపోయే పద్ధతి ఉన్నంతకాలం మార్చి కొనుగోళ్లు ఆగవు.

పాత_లైబ్రేరియన్

గోదాము గారు చెప్పిన వాడుక లెక్క విశ్వవిద్యాలయంలో ఒక్క చోట ఇప్పటికే ఉంది. అది గ్రంథాలయం. ఏ జర్నల్ నుంచి నెలకు ఎన్ని వ్యాసాలు డౌన్‌లోడ్ చేశారో ప్రచురణకర్తలు కౌంటర్ (COUNTER) అనే అంతర్జాతీయ ప్రమాణంలో నివేదిక ఇస్తారు. చందా మొత్తాన్ని డౌన్‌లోడ్ల సంఖ్యతో భాగించి చూస్తే, కొన్ని జర్నళ్లలో ఒక్కో వ్యాసం ఎంత ఖరీదు పడుతోందో మీరే ఆశ్చర్యపోతారు. 2024 నవంబరులో కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉద్దేశించినది. మీది ప్రైవేటు సంస్థ గనుక ఆ మేలు మీకు అందదు. అందువల్ల చందా పునరుద్ధరణ కాగితం వచ్చినప్పుడు సంతకానికి ముందు ఆ నివేదిక అడగండి. అయితే గణితం, తెలుగు, చరిత్ర వంటి చిన్న విభాగాల జర్నళ్లను ఇదే గీటురాయితో తీసేయకండి. అక్కడ చదివేవారు కొద్దిమందే ఉంటారు, వారికి మరో దారి ఉండదు.

నెల్లూరు_తాంబరం

అందరికీ కృతజ్ఞతలు. బ్యూరెట్_టీచరు గారి 72 గ్రాముల లెక్కను మా రసాయనశాస్త్ర విభాగాధిపతి గారికి చూపించాను. ఆయన కాసేపు మాట్లాడకుండా ఉండి, తర్వాత మిగిలిన ప్రయోగాలకు కూడా తానే లెక్క వేసి ఇస్తానన్నారు. చెల్లింపుల ఫైళ్లు తీయించాను. 45 రోజులు దాటినవి నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉన్నాయి, వాటిలో కొన్ని నేను అకౌంట్స్‌లో ఉన్నప్పుడు ఆపినవే.

ఒక సందేహం. మా హాస్టళ్లలో మెస్ డివైడింగ్ పద్ధతిలో నడుస్తుంది. నెల ఖర్చును విద్యార్థుల సంఖ్యతో భాగిస్తారు గనుక అక్కడి వృథా నేరుగా పిల్లల జేబు మీదే పడుతుంది. గోదాము గారూ, కూరగాయలు, బియ్యం విషయంలో రోజు సరుకు రోజు తెచ్చుకోవడం మంచిదేనా? వాడుక రాయమంటే ఇప్పటికే పని ఎక్కువగా ఉన్న అటెండర్లు, వంటవారు ఏమంటారోనని కూడా ఆలోచిస్తున్నాను.

రెడ్‌హిల్స్_గోదాము

కూరగాయలు అన్ని హాస్టళ్లకూ కలిపి తెల్లవారుజామున కోయంబేడు టోకు మార్కెట్ నుంచి తెచ్చుకోండి, అవి నిల్వకు పనికిరావు. బియ్యం, పప్పు, నూనె, గ్యాస్ మాత్రం రోజువారీగా వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కనీసం వారం నిల్వ తప్పనిసరి. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు చెన్నైలో లారీలు కదలలేదు. మా గోదాములో సరుకు ఉండి కూడా దుకాణాలకు చేర్చలేకపోయాం. ఈశాన్య రుతుపవనాలు పోయాక, జనవరి నుంచి నిల్వ తగ్గించుకోవచ్చు. వంట మాత్రం హాజరును బట్టి జరగాలి. సంక్రాంతికి పిల్లలు ఊళ్లకు వెళ్లే వారంలో, శుక్రవారం రాత్రుల్లో ఎన్ని కంచాలు లేచాయో, ఎంత అన్నం మిగిలిందో తూకం వేసి ఒక నెల రాయండి. తర్వాత బియ్యం కొలత వంటమాస్టరే తగ్గిస్తారు, మీరు చెప్పనక్కర్లేదు.

అటెండర్లతో రిజిస్టరు రాయించకండి. ప్రతి వస్తువుకూ రెండు డబ్బాలు పెట్టండి. మొదటిది ఖాళీ అయిన రోజు దాని మీద కట్టిన చీటీ తెచ్చి స్టోర్స్ పెట్టెలో వేయాలి. రెండో డబ్బా కొత్త సరుకు వచ్చేదాకా సరిపోవాలి. చీటీ మీద స్టోర్స్ వారు తేదీ ముద్ర వేస్తే చాలు, ఆ తేదీల మధ్య వ్యవధే మీ వాడుక లెక్క. గ్లౌజులతో మొదలుపెట్టండి. ఐదు వారాలు ఆగినవారు కనుక ఆ విభాగం వారే ముందు సహకరిస్తారు.

నెల్లూరు_తాంబరం

సోమవారం బయోటెక్నాలజీ ప్రయోగశాలలో గ్లౌజులు, పిపెట్ల టిప్పులు, ఫిల్టర్ పేపరు, ఈ మూడింటికి రెండు డబ్బాలు పెట్టిస్తున్నాను. గ్లౌజుల డీలరు పాత బిల్లుకు చెక్కు ఈరోజు సంతకం అయింది. సెమిస్టరు చివర చీటీల మీద తేదీలు ఏం చెప్పాయో ఇక్కడే రాస్తాను.